ఫాలోవర్లు 11 వేలు, షోకి వచ్చింది 40 మంది

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నలుగురం కలిసి పాడతాం. ఇద్దరం ఇక్కడే చదువుకుంటున్నాం, ఒకడికి విశాఖలో ఉద్యోగం, ఒకమ్మాయి బరంపురంలో టీచరు. తెలుగు పాటలే, మధ్యమధ్య ఒడియా చరణాలు వస్తాయి. అయిదు పాటల ఆల్బమ్ రెడీ అయింది. దసరా అయిపోగానే రిలీజ్ చేసి, ఆ ఊపులోనే అక్టోబర్‌లో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, విజయనగరం, విశాఖల్లో షోలు చేద్దామని ప్లాను. ఇన్‌స్టాలో 11 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు, కానీ టికెట్ పెట్టి చేసిన షోకి పట్టుమని 40 మంది కూడా రాలేదు. ఈమెయిల్స్ పంపితే పని జరుగుతుందని ఒకాయన 50 వేల మెయిల్ ఐడీలు 4 వేల రూపాయలకి ఇస్తానంటున్నాడు. కొనమంటారా? అసలు మా వైపు మెయిల్ ఎవరు చూస్తారు సార్? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: కొనకండి. ఆ 4 వేలు సౌండ్ వాళ్లకి అడ్వాన్స్ ఇచ్చుకోండి, కనీసం మైకులైనా సరిగ్గా వస్తాయి.

ఆ 50 వేల ఐడీలు మీకంటే ముందు కోచింగ్ సెంటర్లకీ, ఫ్లాట్లు అమ్మేవాళ్లకీ, అప్పుల యాప్‌ల వాళ్లకీ అమ్మే ఉంటాడు. అందులో సగం ఎవరూ తెరవని ఐడీలు, మిగతా వాళ్లెవరూ మీ గొంతు విన్నవాళ్లు కారు. జీమెయిల్ వాళ్లు 2024 ఫిబ్రవరి నుంచి నియమాలు గట్టిగా బిగించారు. మీరు పంపిన మెయిల్స్‌ని స్పామ్, అంటే అక్కర్లేని చెత్త మెయిల్ అని నొక్కేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు, అసలైతే 0.1 శాతం లోపే ఉండాలి. 0.3 శాతం అంటే వెయ్యికి ముగ్గురు. ముక్కూ మొహం తెలియని వాళ్లకి పంపితే వెయ్యిమందిలో ముగ్గురు విసుక్కోవడం ఎంతసేపు? ఆ తర్వాత మీ పాట నిజంగా ఇష్టపడి ఐడీ ఇచ్చినవాళ్లకి పంపినా అది స్పామ్ లోకే పోతుంది, అదీ అసలు నష్టం. పైగా 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం ఒకరి వివరాలు వాడుకోవాలంటే వాళ్ల ఒప్పుకోలు ఉండాలి, కొన్న లిస్టులో ఎవరూ మీకు ఒప్పుకుని ఇచ్చింది లేదు.

ఇక మన వైపు మెయిల్ ఎవరు చూస్తారన్న ప్రశ్న. మంచి ప్రశ్న, చాలామంది అడగరు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరవాలంటే గూగుల్ ఖాతా ఉండాల్సిందే కాబట్టి ఐడీ లేని ఇల్లు తక్కువ, కానీ ఆ ఐడీ ఫోన్ అమ్మిన షాపు కుర్రాడు క్రియేట్ చేసిందై ఉంటుంది, పాస్‌వర్డ్ ఏంటో ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్లని వదిలేయండి. రోజూ మెయిల్ చూసేవాళ్లు వేరే ఉన్నారు: కాలేజీ పిల్లలు, బ్యాంకుల్లో, పేపర్ మిల్లులో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, టీచర్లు, రైలు టికెట్లు సొంతంగా బుక్ చేసుకునేవాళ్లు, ఇంకా ముఖ్యంగా ఇక్కడ పుట్టి విశాఖలోనో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ పండక్కి ఊరొచ్చే మనవాళ్లు. టికెట్ కొని పాట వినడానికి వచ్చేది కూడా ఎక్కువగా వీళ్లే, గమనించారా? మీ 11 వేల మందిలో రాయగడ వాళ్లెందరో, రీల్ ఒకటి ఎక్కడో తగిలి నొక్కి వెళ్లిపోయినవాళ్లెందరో మీకు పేరుపేరునా తెలియదు, తెలిసినా వాళ్లందరికీ మీ కబురు చేర్చే హక్కు మీ చేతిలో లేదు, ఏ రోజు ఎందరికి చూపించాలో ఆ కంపెనీ ఇష్టం. 2020 జూన్ 29న టిక్‌టాక్ ఆపేసినప్పుడు లక్షల ఫాలోవర్లున్న వాళ్లు కూడా తెల్లారేసరికి ఎవరికీ చెప్పుకోలేని స్థితిలో పడ్డారు. మెయిల్ లిస్టు అలా పోదు. సర్వీస్ మార్చినా ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని ఇంకోచోట పెట్టుకోవచ్చు.

కానీ మెయిల్ వల్ల కొత్తవాళ్లు వస్తారని ఆశ పెట్టుకోకండి. కొత్తవాళ్లని తేవడానికి రీల్స్, జాతర స్టేజీలు, కాలేజీ ఫెస్ట్‌లు ఉన్నాయి. ఒకసారి విన్నవాణ్ణి రెండోసారి రప్పించడానికే మెయిల్. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి: ఐడీతో పాటు పిన్‌కోడ్ అడగండి. ఊరి పేరు రాయమంటే ఒకరు బరంపురం అంటారు, ఒకరు బ్రహ్మపూర్ అంటారు, ఇంకొకరు మూడు రకాల స్పెల్లింగులు రాస్తారు, వాటిని సర్దడం మీ వల్ల కాదు. పిన్‌కోడ్‌తో ఆ గోల లేదు. మొదటి మూడు అంకెలు చూడండి. 765 అంటే రాయగడ, గుణుపురం వైపు. 764 కోరాపుట్, జయపురం. 760, 761 అంటే గంజాం, గజపతి. అటు 532 శ్రీకాకుళం, 535 విజయనగరం, పార్వతీపురం, 530 విశాఖ. ఆరు నెలలు ఓపిగ్గా పోగేస్తే మీ పాట వినేవాళ్లు నిజంగా ఎక్కడున్నారో ఆ అంకెలే చెబుతాయి. విశాఖలో హాలు అద్దెకి తీసుకుని చేతులు కాల్చుకునే ముందు 530తో మొదలయ్యేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 20 ఉంటే విశాఖ ఈసారికి మానేయండి, లేదంటే ఎవరి కాఫీ షాపులోనో చిన్నగా కూర్చుని పాడండి. అదే జయపురం నుంచి 90 వస్తే, మీ ప్లానులో లేని ఊరు మిమ్మల్ని పిలుస్తోందన్నమాట. ఇంకో లాభం ఉంది. ఏ కాలేజీ కల్చరల్ కమిటీ దగ్గరికో, క్లబ్ వాళ్ల దగ్గరికో వెళ్లి 'మాకు 11 వేల ఫాలోవర్లు' అంటే వాళ్లు అలాంటివి రోజూ వింటుంటారు. 'మీ ఊరి పిన్‌కోడ్‌తో ఇంతమంది మా పాట కోసం ఐడీ ఇచ్చారు' అని కాగితం మీద చూపిస్తే మాట తీరు మారుతుంది.

సరిహద్దు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పర్లాకిమిడి షో అంటే 761 వాళ్లకి మాత్రమే పంపితే సగం జనాన్ని వదిలేసినట్టే, ఎందుకంటే ఆంధ్రలోని పాతపట్నం పక్కనే ఉంది, రాష్ట్రం మారుతుంది తప్ప సంతలూ సంబంధాలూ ఒకటే. కాబట్టి 532 వాళ్లకీ పంపండి. అలాగే రాయగడ షోకి పార్వతీపురం, బొబ్బిలి నుంచి రైల్లో వచ్చేస్తారు, 535 వాళ్లని కలుపుకోండి.

ఇంకో విషయం మీకు నాకంటే బాగా తెలుసు, కానీ మెయిల్ రాసేటప్పుడు అందరూ మర్చిపోతారు. మన దగ్గర ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు బోలెడు మంది. పాట వింటారు, పాడతారు, తెలుగు అక్షరాలు మాత్రం చదవలేరు. వాళ్లకి తెలుగు లిపిలో రెండు పేజీలు పంపితే తెరిచి మూసేస్తారు. ఐడీ తీసుకునేటప్పుడు నాలుగో ప్రశ్నగా 'ఏ అక్షరాల్లో పంపమంటారు: తెలుగు, ఒడియా, ఇంగ్లీషు' అని పెట్టండి. పేరు, ఐడీ, పిన్‌కోడ్, అక్షరాలు, ఈ నాలుగు చాలు. ఫోన్ నంబర్ అడిగారా, సగం మంది అక్కడే ఆగిపోతారు. ఒడియా వెర్షన్ మీ బరంపురం టీచరమ్మ రాయగలరు కదా, అది మీ అదృష్టం.

ఎక్కడ అడగాలి? షో అయ్యాక గేటు దగ్గర అస్సలు వద్దు, అప్పుడు అందరూ చెప్పులు వెతుక్కుంటూ, ఆటో కోసం చూస్తూ ఉంటారు. మీ అన్నిటికన్నా మంచి పాట అయిపోయి చప్పట్లు ఇంకా వినిపిస్తుండగానే, ఆఖరి పాట ముందు, ఒక్క నిమిషం ఆగి చెప్పండి. స్టేజీ పక్కన ఫ్లెక్సీ మీద పెద్ద క్యూఆర్ కోడ్ ఉండాలి, వెనక వరసలోంచి కూడా స్కాన్ అయ్యేంత పెద్దది. ఐడీ ఇచ్చినవాళ్లకి రిలీజ్ చెయ్యని పాటో, ఆ రోజు షో రికార్డింగో పంపిస్తామనండి, అన్నమాట ప్రకారం పంపండి. కొండల వైపు ఊళ్లలో సిగ్నల్ నమ్ముకోలేం కాబట్టి ఒక నోట్‌బుక్కు, రెండు పెన్నులు పట్టుకుని మీ ఫ్రెండ్ ఒకరు జనంలో తిరగాలి. చేతిరాత ఐడీలు ఆ రాత్రే టైపు చేసేయండి, మర్నాటికి 'ఎన్' ఏదో 'ఎమ్' ఏదో మీకే తెలియదు. మొదటి మెయిల్ కూడా మర్నాడే వెళ్లాలి. మూడు నెలల తర్వాత పంపితే మీరెవరో గుర్తురాక స్పామ్ నొక్కుతారు, అందులో వాళ్ల తప్పు లేదు.

పంపడం గురించి, తొందరగా చెప్పేస్తాను, బోర్ కొట్టే భాగమే కానీ తప్పదు. మీ మామూలు జీమెయిల్ నుంచి అందర్నీ ఒకే మెయిల్‌లో పెట్టి కొట్టకండి. రోజుకి 500 మందితో అది ఆగిపోతుంది, పైగా చెయ్యి జారి, ఐడీలు దాచే బీసీసీ గడి బదులు సీసీలో పెడితే అందరి ఐడీలూ అందరికీ కనబడతాయి. ఒకేసారి చాలామందికి మెయిల్స్ పంపే మెయిల్‌చింప్, బ్రెవో లాంటి సర్వీస్ ఏదో ఒకటి తీసుకోండి, చిన్న లిస్టుకి ఉచిత ప్లాన్లు దొరుకుతాయి, వాటి పరిమితులు మారుతుంటాయి కాబట్టి చేరే రోజే చూసుకోండి. బ్యాండ్ పేరుతో సొంత డొమైన్, అంటే ఇంటర్నెట్ అడ్రస్ కొనండి, ఇది మాత్రం ఖర్చు పెట్టాల్సిందే. సర్వీస్ ద్వారా పంపుతూ పంపినవారి అడ్రస్‌గా జీమెయిల్ ఐడీ పెడితే జీమెయిలే దాన్ని అనుమానిస్తుంది. డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు ఎంట్రీలు పెట్టాలి, ఈ మెయిల్ నిజంగా మేమే పంపాం అని రుజువు చేసేవి అవి. సర్వీస్ వాళ్లే ఏ లైను ఎక్కడ పెట్టాలో చూపిస్తారు, కంప్యూటర్స్ చదివే ఫ్రెండ్‌కి ఒక సాయంత్రం పని. 'ఇక మెయిల్స్ వద్దు' అనే లింకు పైకి కనబడేలా ఉంచండి. దాన్ని వెతుక్కోలేని మనిషి స్పామ్ బటన్ నొక్కుతాడు, అది మీకు మరీ నష్టం.

ఇప్పుడు రిలీజ్. శుక్రవారం పెట్టుకోండి, 2015 జూలై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకి అదే రోజు. పాటల్ని యాప్‌లన్నిటికీ చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి కనీసం నాలుగు వారాల ముందు ఇచ్చేయండి. స్పాటిఫైలో రిలీజ్‌కి కనీసం ఏడు రోజుల ముందు పాటని పిచ్ చేస్తే, అంటే వాళ్ల పరిశీలనకి పంపితే, మీ ఫాలోవర్లకి కొత్త పాటలు చూపించే రిలీజ్ రాడార్ లిస్టులోకి అది వెళ్తుంది, ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది. ఇంకోటి, 2024 నుంచి అక్కడ ఒక పాటకి అంతకుముందు 12 నెలల్లో వెయ్యి ప్లేలు దాటకపోతే డబ్బులు లెక్కలోకే రావు. మీలాంటి చిన్న బ్యాండ్‌కి ఆ వెయ్యి దాటించేది ఊరూ పేరూ తెలిసిన రెండొందల మందే. అలాగని మెయిల్‌లో స్పాటిఫై ఒక్కటే ఇస్తే కుదరదు, మన వైపు చాలామందికి పాట అంటే యూట్యూబే. అన్ని యాప్‌లూ ఒకే చోట కనబడే పేజీ ఒకటి చేసి, మెయిల్‌లో దాని లింకు ఒక్కటే పెట్టండి. ఒక మెయిల్‌లో ఒకే పని అడగాలి. పాట వినండి, షోకి రండి, టీషర్ట్ కొనండి, రీల్ షేర్ చెయ్యండి అని నాలుగూ అడిగితే ఒక్కటీ చెయ్యరు.

రిలీజ్‌కి మూడు మెయిల్స్ సరిపోతాయి. రెండు వారాల ముందు ఒకటి, అందులో అమ్మకం ఏమీ ఉండదు, ఒక పాట ఎలా పుట్టిందో చెప్పండి. శుక్రవారం పొద్దున్న రెండోది, నాలుగు వాక్యాలు, లింకు. వారం తర్వాత మూడోది, ఒక పాట సాహిత్యం మొత్తం, మీరు చేతితో రాసిన కాగితం ఫొటో ఉంటే ఇంకా మంచిది. ఏదైనా పాట వరస సవర గిరిజనుల ఊళ్లోనో కొంధు గిరిజనుల ఊళ్లోనో విని కట్టిందైతే ఎవరి దగ్గర విన్నారో, ఏ ఊరో, వాళ్లని అడిగి, మెయిల్‌లో రాయండి. అది మర్యాద, వినేవాళ్లకి ఆసక్తి కూడా.

ఎలా రాయాలన్నది చూడండి. చాలామంది పోస్టర్ ఒకటి పెద్ద ఫొటోగా పెట్టేసి పంపుతారు. నెట్ స్లోగా ఉన్నచోట అది తెరుచుకోదు, ఫొటో తప్ప అక్షరం లేని మెయిల్‌ని స్పామ్ ఫిల్టర్లు కూడా అనుమానంగానే చూస్తాయి. మెయిల్ కోడు సైజు 102 కేబీ దాటితే జీమెయిల్ మధ్యలో కత్తిరించేస్తుంది, ఒక్కో తెలుగు అక్షరానికి ఇంగ్లీషు అక్షరం కంటే మూడు రెట్లు చోటు కావాలి, కాబట్టి పొడుగు తగ్గించండి. ఇలా ఉంటే నాకు నచ్చుతుంది:

'నమస్తే లక్ష్మిగారూ, మొన్న రాయగడలో వర్షం పడుతున్నా కదలకుండా కూర్చున్నారు, ఆ రోజు ఆఖర్న పాడిన పాట గుర్తుందా? అది ఈ పొద్దున్నే విడుదలైంది. ఇదిగో లింకు. విని మీకు ఏ చరణం నచ్చిందో ఈ మెయిల్‌కే జవాబు రాయండి, నలుగురం చదువుతాం.'

అంతే. సబ్జెక్ట్ లైన్‌లో 'అద్భుతమైన అవకాశం', 'మిస్ కావద్దు' లాంటివి పెడితే అప్పుల యాప్‌ల పక్కన చేరతారు. జవాబు రాయమని అడగడం ఊరికే మర్యాదకి చెప్పింది కాదు, జవాబులొచ్చే అడ్రస్ నుంచి వచ్చిన మెయిల్‌ని ఇన్‌బాక్స్‌లో పెట్టే అవకాశం ఎక్కువ.

షో మెయిల్ మాత్రం పెళ్లి శుభలేఖలా ఉండాలి: ఎక్కడ, ఎప్పుడు, ఎలా రావాలి, ముందు అవి. సబ్జెక్ట్‌లో ఊరి పేరే మొదటి మాట, ఫోన్‌లో కనబడేది ఆ నాలుగు మాటలే. 'రాయగడ, డిసెంబర్ 13, సాయంత్రం 6' అంటే చాలు. మొత్తం టూర్ ఊళ్లన్నీ ఒకసారి అందరికీ పంపండి, బెంగళూరులో ఉన్నవాడు రాయగడలో తమ్ముడికి ఫోన్ చేసి చెబుతాడు. ఆ తర్వాత నుంచి ఏ ఊరి మెయిల్ ఆ ఊరి వాళ్లకే. పది రోజుల ముందు ఒకటి, ముందు రోజు ఒకటి. ముందు రోజు మెయిల్‌లో పాటల గొడవ వద్దు, టికెట్ ధర, గేటు దగ్గర యూపీఐ ఉందా, పిల్లల్ని తేవచ్చా, పార్వతీపురం వైపు వెనక్కి వెళ్లే బండి ఎన్నింటికి, బండ్లు ఎక్కడ పెట్టుకోవాలి, ఇవి రాయండి. అమ్మాయిలు వచ్చే షో అయితే ఎన్నింటికి ముగుస్తుందో కచ్చితంగా రాయండి, ఇంట్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

డిసెంబర్ అన్నాను, గమనించారా. మీరు అక్టోబర్ అంటున్నారు. అది తుఫాన్ల నెల. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస వైపు దాటి గజపతి జిల్లాని కూడా అతలాకుతలం చేసింది. మీ టూర్ ఊళ్లలో మూడు ఆ దారిలోనే ఉన్నాయి. ఆల్బమ్ దసరాకి వదలండి, షోలు డిసెంబర్, జనవరి నెలల్లో పెట్టుకోండి, సంక్రాంతికి బయటివాళ్లు ఊళ్లకి వస్తారు కూడా. మధ్యలో ఆ రెండు నెలలు జనానికి పాటలు నోటికి రావడానికి పనికొస్తాయి. ఇదంతా అయ్యాక కూడా అక్టోబర్‌లోనే చేస్తామంటే, కాన్సిల్ అయితే ఏ అడ్రస్ నుంచి మెయిల్ వస్తుందో, డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో టికెట్ మెయిల్‌లోనే రాసేయండి.

ఎంతమంది తెరిచారన్న అంకె చూసి పొంగిపోకండి. 2021లో ఐఫోన్ల ఐఓఎస్ 15తో యాపిల్ ఒక సదుపాయం తెచ్చింది, దాన్ని ఆన్ చేసినవాళ్ల మెయిల్స్‌లో ఫొటోల్ని ముందే అదే లోడ్ చేసేస్తుంది, తెరిచారన్న లెక్క ఫొటో లోడ్ అవడాన్ని బట్టే కాబట్టి తెరవని మెయిల్ కూడా తెరిచినట్టు లెక్కలో పడుతుంది. లింకు నొక్కిందెవరు, జవాబు రాసిందెవరు, గేటు దగ్గరికి వచ్చిందెవరు, ఇవి చూడండి. ఏడాది పాటు ఏదీ నొక్కనివాళ్లకి 'ఉంచమంటారా, తీసేయమంటారా' అని ఒక మెయిల్ పెట్టి, జవాబు రాకపోతే లిస్టులోంచి తీసేయండి. లిస్టు చిన్నదైపోతుందని బాధ వద్దు, 600 చచ్చిన ఐడీల కంటే 200 బతికున్నవి నయం.

వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని మీలో ఒకరికి అనిపిస్తూ ఉంటుంది. వాట్సాప్ కూడా పెట్టుకోండి, షో రోజు 'వర్షం తగ్గింది, వచ్చేయండి' అని చెప్పడానికి దానికి మించింది లేదు. కానీ గ్రూపులో వేస్తే అందరి నంబర్లూ అందరికీ తెలుస్తాయి, అమ్మాయిలు వెంటనే బయటికి పోతారు. ఛానల్ అయితే ఎవరిది ఏ ఊరో తెలియదు. నాలుగు నెలల కిందటి మెసేజ్ మళ్లీ దొరకడం కష్టం, మెయిల్ వెతికితే దొరుకుతుంది.

చివరగా, నలుగురిలో ఈ పని ఒక్కరికే అప్పగించండి. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. విశాఖలో ఉద్యోగం చేసే అబ్బాయి పొద్దస్తమానం మెయిల్స్‌తోనే బతుకుతుంటాడు కాబట్టి నా ఓటు అతనికే. లాగిన్ మాత్రం ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి, బ్యాండ్లు విడిపోయినప్పుడు మొదట పోయేది పాస్‌వర్డే.